అమ్మ చదివిన ఆరంకెలు

మా అమ్మకు అక్షరాలు రావు, అంకెలు వచ్చు. పెళ్లయి కోరుట్లకు వచ్చిన నాటి నుంచీ బీడీలు చుట్టి, కట్టలు కట్టి నేర్చుకున్న అంకెలవి. బస్సు మీది ఊరి పేరు నన్నడిగేది గానీ ఫోను నంబరు మాత్రం ఎవరినీ అడిగేది కాదు.

ఇంటర్ పరీక్షలయ్యాక నాకు ఒకటే పిచ్చి పట్టింది. హైదరాబాద్‌లో అమ్మాయిల సర్కారు కాలేజీలో మైక్రోబయాలజీ చదవాలి, అక్కడే హాస్టల్లో ఉండాలి. ఆ పేరు అమ్మకు నోరు తిరగలేదు. "నా బిడ్డ పట్నంల పురుగుల సదువు సదువుతది" అని వాడకట్టులో బీడీలు చేసే ఆడవాళ్లందరికీ చెప్పి వచ్చింది. వాళ్లు నవ్వితే, "నవ్వుండ్రి, రేపు రోగమొస్తే నా బిడ్డ కాడికే రావాలె" అనేది. మస్కట్‌లో పనిచేసే బాపు ఫోన్లో "నీ ఇష్టం బిడ్డా" అనేవాడు, అంతే.

డిగ్రీ సీటుకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాలి. ఆధార్‌కు కలిపిన ఫోనుకు ఓటీపీ వస్తుంది. అది కొడితేనే కాలేజీలను వరుసగా ఎంచుకునే పేజీ తెరుచుకుంటుంది. మా ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోను, అమ్మది.

దరఖాస్తులు మొదలైన రోజు అమ్మ సిరిసిల్లలో మామ వాళ్లింటికి, ఆయన మనుమరాలి తొట్టెల వేడుకకు పోయింది. నేను ఆదాయం సర్టిఫికెట్ కోసం తహసీల్దార్ ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాను. సాయంత్రం అమ్మ మురిసిపోతూ వచ్చింది.

"మీ ఫిజిక్సు సారు ఫోన్ చేసిండు బిడ్డా. ఎంత మర్యాద! అమ్మా, మీరు, అనుకుంట మాట్లాడిండు. నీ స్కాలర్‌షిప్ ఆగిందట. ఫోన్ల ఆరంకెలు పడ్తయి, సదివి చెప్పుండ్రి అన్నడు. నేనే సదివిన. అందరి ముంగట."

"మంచిగ చేసినవే" అన్నాను. అవును, నేనే అన్నాను. గొర్రె కసాయివాణ్నే నమ్ముతుందని ఊరికే అన్నారా? ఆ సారంటే నాకూ గురి ఉండేది.

రెండు రోజులకు అమ్మను వెంటబెట్టుకొని, సర్టిఫికెట్ పట్టుకుని నెట్ సెంటర్‌కు పోయాను. అక్కడి అన్న నా ఆధార్, హాల్‌టికెట్ నంబర్లు కొట్టి, "నీదైపోయింది గదా చెల్లె" అన్నాడు. దరఖాస్తు నా పేరుతోనే ఉంది. ఎంచుకున్న కాలేజీ ఒక్కటే, జగిత్యాలలో మా జూనియర్ కాలేజీ యజమానిదే అయిన డిగ్రీ కాలేజీ. "మార్చాల్నంటే పిన్ను గావాలె. అది దరఖాస్తు పెట్టినోళ్ల దగ్గర్నే ఉంటది" అన్నాడు. సారుకు చదివి చెప్పిన మెసేజీ అమ్మ ఫోన్లో ఇంకా ఉంది, దరఖాస్తు ఓటీపీ అది. అంకెల కింద ఇంగ్లీషులో ఒక ముక్క ఉంది, ఎవరికీ చెప్పవద్దని. అది అమ్మకు చదవరాదు.

సెంటర్ నిండా పిల్లలున్నారు, వాళ్ల అమ్మానాన్నలున్నారు. "నీకు సదువు రాదు గదనే! రానిదానివి నోరు మూసుకుని ఉండొద్దా? నా బతుకు ఆగం జేసినవ్!" అని అరిచాను. అమ్మ ఫోను కొంగులో చుట్టి దోపుకుంది.

మర్నాడు ఇద్దరం మా జూనియర్ కాలేజీకి పోయాం. దారంతా అమ్మ పళ్లు కొరుకుతూనే ఉంది, సారు కాలర్ పట్టుకుంటానంది. తీరా పోతే సారు లేచి నిలబడి అమ్మకు కుర్చీ వేశాడు. పెళ్లికి ముందు దొరల పొలాల్లో కూలికి పోయి, గట్టు మీద కూర్చోవడమే ఎరిగిన మనిషికి కుర్చీ! కోపం నీరుగారిపోయింది. కొంగు సర్దుకుని అంచున కూర్చుంది.

"పిన్ను మా మేనేజ్‌మెంట్ దగ్గరున్నదమ్మా. మాకు గూడ టార్గెట్లు ఉంటయి, ఏం జేత్తం? ఆడపిల్ల, ఇంటికి దగ్గర. రెండో విడతల చూద్దాం తియ్యుండ్రి" అన్నాడు సారు.

రెండో విడతలో పిన్ను ఇచ్చారు, దేవుళ్లు! అప్పటికి హైదరాబాద్ కాలేజీలో నా గ్రూపులో సీట్లు లేవు. జగిత్యాలలోనే చేరాను. కింద హార్డ్‌వేర్ దుకాణం, పైన మా క్లాసులు. మైక్రోబయాలజీ లేదు, ఉన్న గ్రూపు తీసుకొమ్మన్నారు.

చేరిన రోజు సాయంత్రం బాపు ఫోన్ చేశాడు. "ఏ కాలేజీ వచ్చింది బిడ్డా?"

జరిగిందంతా చెప్పి, ఆ సారును బాపుతో నాలుగు తిట్టిద్దామనుకున్నాను. అమ్మ నా చేతిలోంచి ఫోను గుంజుకుంది.

"నేనే వద్దన్న. గంత దూరం ఆడపిల్లను ఎట్ల తోలాలె? జగిత్యాలల్నే చేర్పిచ్చిన."

చదువు రాక మోసపోయానని మొగుడికి చెప్పుకోవడం కంటే, బిడ్డ చదువుకు అడ్డుపడ్డానని చెప్పుకోవడమే ఆమెకు నయమనిపించింది. నెట్ సెంటర్లో నేనన్న మాట అంత లోతుకు దిగింది.

బాపు తిడతాడేమోనని చూశాను.

"మంచి పని చేసినవ్. నాకు గూడ మనసుల గదే ఉండె. పిల్ల ఏడ్తదని చెప్పలే" అన్నాడు బాపు. అతని గొంతు ఎన్నడూ లేనంత హాయిగా ఉంది.

అమ్మ నా ముఖంలోకి చూసింది. నేను హైదరాబాద్ పోవాలని నిజంగా కోరుకున్నది ఆ ఇంట్లో ఆమె ఒక్కతే. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. ఫోను నాకిచ్చి, చాట ఒళ్లో పెట్టుకుని బీడీ ఆకు కత్తిరించడం మొదలుపెట్టింది.

"అమ్మ మాట ఇనాలె బిడ్డా" అన్నాడు బాపు.

"ఇంటున్న బాపూ" అన్నాను.