ఎడమచేతి గాజులు

కొబ్బరిమట్ట రాలినా దెయ్యమనే మనుషులున్న ఊరు మాది. వాళ్లను ఆటపట్టించడం చిన్నప్పటి నుంచీ నాకు సరదా. ఇప్పుడు నేనే ఇది రాస్తున్నానని తెలిస్తే నన్ను వదిలిపెట్టరు. కానివ్వండి.

మాది కవిటి పక్కన. ఇక్కడ చాలామందికి వచ్చిన కిడ్నీ జబ్బే నాకూ వచ్చింది. పలాస వెళ్లి డయాలసిస్ చేయించుకుంటాను. అందుకోసం ఎడమచేతి మణికట్టు దగ్గర రక్తనాళాలు కలిపి కుట్టారు. రక్తం పారుతున్నంతసేపూ అక్కడ తుమ్మెద రొద చేసినట్టుంటుంది. ఆ చప్పుడు ఆగిందంటే దారి మూసుకుపోయినట్టే.

మా అన్నయ్య భార్యకీ ఇదే జబ్బు. ఇద్దరం ఒకే ఆటోలో వెళ్లేవాళ్లం. ఎక్కగానే వదిన నా చేయి లాక్కుని చెవికి ఆన్చుకునేది. "సప్పుడేదే పిల్లా? ఆ, ఉందిలే. ఇయ్యాల్టికి బతికే ఉన్నావు" అని నవ్వేది. ఇంట్లోంచి బయల్దేరే ముందు తన ఎడమచేతి వదులు గాజులు తీసి తన గది కిటికీ గొళ్లేనికి తగిలించడం ఆవిడ అలవాటు.

ఒకరోజు ఆవిడ చేతిలోనే చప్పుడు ఆగిపోయింది. డయాలసిస్ కోసం మెడలో గొట్టం వేశారు. దానికి చీము పట్టి జ్వరమొచ్చింది. మనిషి దక్కలేదు.

పోయిన ఏడాది వదిన కూతురికి సీమంతం చేశాం. తల్లి లేని పిల్ల కదా, పెద్దరికం నా మీద పడింది. గాజులు తొడిగే వేళ కుడిచేయి మాత్రమే చాపాను. మా పెద్దమ్మ ఊరుకోలేదు.

"శుభమా అని సీమంతం సేత్తంటే ముత్తయిదువ్వి, బోసి సెయ్యేటే? పిల్లకి మంచిది కాదు."

ఆ చేతికి ఏదీ బిగించకూడదని చెప్పబోయాను. పిల్ల మొహం చూసి ఎడమచేయి కూడా చాపాను. చేయి వాచి ఉండటంతో సబ్బు నురగ రాసి ఎక్కించారు. వడ్డనకు అడ్డమొస్తుంటే ముంజేతి మీదికి నెట్టుకున్నాను.

తిన్నాక ఒళ్లు తూలింది. వదిన గదిలో లోపల గడియ పెట్టుకుని, ఎడమచేయి తలకింద పెట్టుకుని చాప మీద వాలాను.

"సప్పుడేదే పిల్లా?"

ఉలిక్కిపడి లేచాను. పట్టపగలు. గదిలో ఎవరూ లేరు, వేసిన గడియ వేసినట్టే ఉంది. నా ఎడమచేయి బోసిగా ఉంది. చెవికి ఆన్చుకుంటే తుమ్మెద ఎక్కడో దూరంగా, ఆగి ఆగి వినిపించింది. గాజులు ఒక్కటీ పగల్లేదు. అన్నీ కిటికీ గొళ్లేనికి వేలాడుతున్నాయి.

అన్నయ్య అప్పటికప్పుడు పలాస తీసుకెళ్లాడు. డాక్టరుగారు నా చేతి మీద గాజుల అచ్చులు చూసి తిట్టాల్సినవన్నీ తిట్టారు. గడ్డ కట్టడం మొదలైందట, ఇంకాసేపు అలాగే పడుకుని ఉంటే మూసుకుపోయేదట. వైద్యం చేసి నిలబెట్టారు.

నిద్రలో నేనే తీసుకున్నానేమో అనుకుందామని చాలా ప్రయత్నించాను. ఇంటికొచ్చి కుడిచేతి గాజులు సబ్బు లేకుండా తీయబోతే రెండు చిట్లి చెయ్యి కోసుకుంది. ఇక ఆలోచించడం మానేశాను.

వదినకు మనవరాలు పుట్టింది. ఆ పాపను ఒళ్లో పెట్టుకునే అదృష్టం నాకు మిగిలింది. కూతురి సీమంతానికి వచ్చిన మనిషి నా చేయి చూసి వెళ్లిందేమో. నాకు తెలీదు. తీసిన చేయి ఎవరిదైనా దానికి దణ్ణం పెడతాను.

దెయ్యాలను ఇప్పటికీ నమ్మను. కానీ రోజూ పొద్దున్నే మణికట్టు చెవికి ఆన్చుకుని, ఆ రొద వినిపించాక, ఎవరూ వినకుండా ఒక మాట చెబుతాను.

"ఉందొదినా."