కారం చేతుల అమ్మ

మూడో ప్యాకెట్టు కూడా సరిగ్గా అంటుకోలేదు, ఎత్తగానే అడుగు విడిపోయి కారమంతా గచ్చు మీద ఒలికింది, మా పాప పాకుతూ వచ్చి ఎక్కడ చెయ్యి పెడుతుందోనని గబగబా తుడుస్తుంటే నాకే తుమ్ముల మీద తుమ్ములు. ఈ సీలింగ్ మిషన్ వేడి తక్కువైతే అంటదు, ఎక్కువైతే కవరు కాలుతుంది, పైగా పొద్దుటి నుంచి కరెంటు వస్తూ పోతూ ఉంది. నాలుగో కవరు పెట్టి నొక్కేసరికి అంచు కాలి సన్నగా పొగ లేచింది. కాలిన ప్లాస్టిక్ వాసనా, కొత్త కారం ఘాటూ కలిసి ముక్కుకు తగిలాయో లేదో, ఖమ్మంలో ఈ కిరాయి ఇంటి వంటగదిలో ఉన్నదాన్ని ఉన్నట్టే తిరుమలాయపాలెం దగ్గర మా ఊరికి, మా ఇంటి వెనక రేకుల పంచలో కొవ్వొత్తి ముందు కూర్చున్న అమ్మ దగ్గరికి వెళ్లిపోయాను.

అప్పుడు మాకు మిషన్ ఎక్కడిది? కవరు మూతిని ఇనుము కోసే రంపం బ్లేడు మీదుగా మడిచి, బయటికి వచ్చిన కొసని కొవ్వొత్తి మంట మీద సర్రున ఒక్క గీత లాగినట్టు లాగితే అతుక్కుపోయేది. చెయ్యి ఒక్క క్షణం ఆగిందా, చిల్లు పడేది. ఆ బ్లేడు వెల్డింగ్ షాపులో పళ్లు అరిగిపోయి పారేసిందే. దానికి ఒక కొసన గుడ్డపీలిక చుట్టి పిడి చేసుకుంది అమ్మ. అదీ, ఒక తక్కెడ, సన్న జల్లెడ, పొడుగాటి చెక్క గరిటె, ఇంతే అమ్మ సామాను. నేను పక్కన కూర్చుని ప్యాకెట్టుని బుగ్గకి ఆనించుకునేదాన్ని, కారం అప్పుడే పిండి గిర్నీ నుంచి వచ్చి ఇంకా గోరువెచ్చగా ఉండేది, చలికాలం పొద్దుల్లో ఆ వెచ్చదనం ఎంత హాయో చెప్పలేను.

అసలు ఈ కారం మా ఇంటికి ఎట్లా వచ్చిందంటే, చర్ల నుంచి వచ్చింది. ఏటా చలి వెనకపట్టగానే మా ఊరి ఆడవాళ్లు మిరపకాయలు ఏరటానికి గోదావరి అవతల చర్ల వైపు పోయేవాళ్లు. ట్రాక్టరులో బియ్యం మూటలు, బొంతలు, గిన్నెలు, వాటి మీద అమ్మా వాళ్లూ. అడవి అంచున చేలల్లోనే తాటాకు గుడిసెలు వేసుకుని ఏరుడు అయిపోయేదాకా అక్కడే ఉండేవాళ్లు. నాన్న లారీ మీద పోతే ఎప్పుడొచ్చేవాడో ఆయనకే తెలియదు కాబట్టి నన్నూ తమ్ముడినీ నానమ్మ చూసేది. ఆమె చుట్ట కాలుస్తూ వాకిట్లో కూర్చుంటే మేం చింతగింజలతో ఓమనగుంటలు ఆడుతూ రోడ్డు వైపు చెవి పెట్టి ఉండేవాళ్లం. అమ్మ తిరిగొచ్చిన రోజు ఇల్లంతా అడవి వాసన. కొంగులో ఎండిన ఇప్పపువ్వు, జీడిబెల్లం రంగులో తునికి పండ్లు, కూలి కింద ఇచ్చిన ఎండుమిర్చి బస్తా. దారిలో పోలీసు క్యాంపు దగ్గర మూటలన్నీ విప్పి చూసేవాళ్లట, ఎవరో కుర్ర పోలీసు మిర్చి బస్తాలో తల పెట్టి చూసి తుమ్మీ తుమ్మీ చివరికి "పోండమ్మా, పోండి" అని దండం పెట్టాడని అమ్మ చెప్తుంటే నానమ్మకి నవ్వి నవ్వి దగ్గు వచ్చేది.

ఒక ఏడు మాత్రం ఎవరూ నవ్వలేదు. తమ్ముడికి అప్పుడప్పుడే మాటలు వస్తున్నాయి. అమ్మ మూట దించి "దా బిడ్డా" అని చేతులు చాపితే వాడు గుర్తుపట్టక కెవ్వుమని ఏడ్చి నానమ్మ వెనక దాక్కున్నాడు. అమ్మ అట్లాగే గడప మీద కూలబడింది. తునికి పండ్లు చూపించినా రాలేదు వాడు.

"వచ్చే ఏడు నేను పోనత్తా," అంది అమ్మ.

"పోకుంటే ఏం తింటం? మన్ను తింటమా?"

"కారం పట్టించి అమ్ముత."

"నీ కారం నాలుగిళ్లోళ్లు కొంటరు. ఆళ్ల పైసలు ఉప్పుకొస్తయి, పప్పుకు రావు." నానమ్మ చుట్ట తిరగేసి పెట్టుకుంది. "చూద్దాం, ట్రాక్టరు వచ్చిన్నాడు నువ్వే ముందు ఎక్కుతవు."

అట్లా మొదలైంది. అమ్మ మిర్చిని వాకిట్లో తాటాకు చాప మీద ఎండబెట్టేది, గలగలమనేదాకా. తొడిమలు తీసే రోజు మా వీధిలో పిల్లలెవరూ మా ఇంటి వైపు వచ్చేవాళ్లు కాదు. ధనియాలు వేయించి, వెల్లుల్లి కలిపి, గిర్నీకి తీసుకుపోతే అది నడిపే ఆయన అందరి పిండీ అయ్యాక చివర్న కారం పట్టేవాడు, వరసలో ఉన్నవాళ్లు ముక్కులు మూసుకుని అమ్మని తిట్టుకునేవాళ్లు. అమ్మ చేతులు మాత్రం ఎప్పుడూ ఎర్రగా, వేళ్ల కొసలు పొరలు లేచి ఉండేవి. మజ్జిగ పూసుకున్నా, ఆముదం రాసుకున్నా ఆ మంట పోదు, ఇంకొకళ్లకి అంటుకుంటుంది కూడా. ఒకసారి పొరుగావిడకి చిల్లర చేతికిస్తే ఆవిడ అదే చేత్తో కన్ను నులుముకుని వీధంతా ఏకం చేసింది. కారం చేతికియ్యకూడదు, కొట్లాట వస్తుందని మనందరికీ ఉన్నదే, అమ్మ ఇంకో అడుగు ముందుకేసి ఏ వస్తువూ ఎవరి చేతికీ ఇవ్వడం మానేసింది. చిల్లరైనా, చింతపండైనా, ఏదైనా అరుగు మీద పెట్టి వేలికొసతో ముందుకు జరిపి చేతులు కొంగులో దాచుకునేది. మమ్మల్ని కూడా మోచేతులతోనే దగ్గరికి తీసుకునేది. స్నానం చేయించేది నానమ్మే. అమ్మ అరచెయ్యి నా చెంప మీద పడాలంటే కారం పని లేని రోజులు రావాలి.

నానమ్మ అన్నట్టే నాలుగిళ్లవాళ్లే కొన్నారు. చలి ముదిరి, మళ్లీ ఏరుడు దగ్గర పడుతుంటే, మా ఊరి నుంచి పోయి ఖమ్మంలో కాలేజీ చదివే ఒక అక్క ఒక మాట చెప్పింది. వాళ్లుండే ఆడపిల్లల హాస్టల్‌లో కారం బాగాలేదని పిల్లలు గొడవ చేస్తున్నారట, మేడం కొత్తగా ఎవరైనా ఇస్తారేమోనని చూస్తోందట. పెద్ద హాస్టల్, నెలనెలా తీసుకుంటారు. ఆ మాట విన్న దగ్గర్నుంచి అమ్మ కాలు నిలవలేదు. పాత పెళ్లి పత్రికల వెనక తెల్లగా ఉన్న వైపు చదరంగా కత్తిరించి, బస్టాండు దగ్గర బండి మీద రబ్బరు స్టాంపు చేయించి, ఊదారంగు సిరాతో 'సుగుణ కారం' అని ముద్దరలు కొట్టింది. కొన్నింటికి మూలన పసుపు అంటుకునే ఉంది, అవి పక్కన పెట్టేసింది, "పెండ్లికి పిలువనొచ్చిన్రు అనుకుంటరు" అని. ఉన్న ఒక్క వాయిల్ చీరకి గంజి పెట్టి, చెంబులో నిప్పులు పోసి ఇస్త్రీ చేసింది. అంగన్‌వాడీ టీచరు దగ్గర చేతిసంచీ అడిగి తెచ్చుకుంది. "నమస్తే మేడం, నేను సుగుణ, కారం చేస్త" అని గోడకి చెప్పుకుంటుంటే తమ్ముడూ నేనూ గోడ వెనక నుంచి "నమస్తే అమ్మా" అని బదులిచ్చేవాళ్లం.

అమ్మ నన్ను కూడా వెంటబెట్టుకుని ఖమ్మం బస్సెక్కింది. హాస్టల్ ఒక కిరాయి మేడలో. మేడం అమ్మ వయసే ఉంటుంది, ఇద్దరు పిల్లల తల్లి, అంతా తనే నడుపుకుంటోంది. చేతికి గడియారం, ముందు బల్ల, బల్ల మీద ఠంగుమనే గంట. అట్లా బల్ల ముందు కూర్చున్న ఆడమనిషిని అమ్మా నేనూ అదే మొదటిసారి చూడటం.

"రంగు గింగు కలుపుతవా?" అంది మేడం ప్యాకెట్టు విప్పి వాసన చూస్తూ.

"లేదు మేడం. ఒట్టి మిరపకాయే."

"కలిపినోడు కలిపిన అని చెప్తడా ఏంది?" అని నవ్వింది. అమ్మ కూడా నవ్వింది. కారం నాలుక మీద వేసుకుని తల ఊపింది మేడం. "బాగుంది. సంచిలో ఇంకేంది, మంచి వాసనొస్తుంది?"

"నువ్వుల లడ్లు మేడం. మీకే తెచ్చిన."

"ఏదీ, ఇటియ్యి," అని మేడం చెయ్యి చాపింది.

అమ్మ లడ్డూని కాగితం ముక్కలో పెట్టి, బల్ల అంచు మీద ఉంచి, వేలికొసతో ముందుకు జరిపి, చేతులు కొంగులోకి తీసుకుంది. మేడం చెయ్యి అట్లాగే గాలిలో ఉంది. తర్వాత ఆ చెయ్యి వెనక్కి పోయింది. మొహంలో నవ్వు కూడా పోయింది.

"సరేనమ్మా. కారం ఇప్పుడేం వద్దు, పాతాయన ఇస్తనే ఉన్నడు. నువ్వు పోయిరా," అని గంట కొట్టి, పిల్లల్ని బడి నుంచి తేవాలని ఆటో ఎక్కి వెళ్లిపోయింది. లడ్డూ బల్ల మీదే ఉంది.

గేటు దగ్గర వంటమనిషి యాదమ్మ పరుగెత్తుకొచ్చింది. "ఓ అక్కా, గదేం పని చేస్తివి? చెయ్యి చాపితే చేతికియ్యకుండ బల్ల మీద పెడ్తివి?"

"కారం చేతులమ్మా నావి. మండుతదని పెట్టిన."

"గది ఆమెకెట్ల తెలుస్తది? ఆమెది నేలకొండపల్లి దిక్కు, ఊరి బయట వాడ. చిన్నప్పటి సంది వాళ్లకు ఏదిచ్చినా గట్లనే దూరం పెట్టి ఇచ్చిన్రంట, నీళ్లు గూడ ఎత్తి పోసిన్రంట. నువ్వు గూడ గదే కులం పట్టింపు చూపినవనుకుంది. ఇగ చూడు, నీ కారం ఈ గేటు లోపలికి రాదు."

అమ్మ "అయ్యో, గట్ల కాదమ్మా" అంటూ వెనక్కి తిరిగింది కానీ లోపల ఎవరున్నారు చెప్పటానికి? బస్సులో కిటికీ పక్కన కూర్చుని తన వేళ్లనే చూసుకుంటూ వచ్చింది. నేను అప్పుడు చిన్నదాన్నే అయినా నాకు అర్థమైంది, ఎందుకంటే మా ఇంట్లోనూ ఉంది ఆ ముచ్చట. వాడ నుంచి పనికి వచ్చినవాళ్ల కోసం మా నానమ్మ బయట చూరులో ఒక గ్లాసు వేరే పెట్టేది. మేడం తప్పుగా అనుకుందని ఎట్లా అనగలం? అమ్మ కాకపోతే మా ఇంట్లో ఇంకొకరు.

ఇంటికి రాగానే అమ్మ చెప్పులైనా విడవకుండా చూరులో ఉన్న ఆ గ్లాసు తీసి, తోమి, లోపల మా గ్లాసుల మధ్య బోర్లించింది.

"ఏమే, మతి గిన పోయిందా?" అని నానమ్మ లేచింది.

"నీళ్లు తాగే గ్లాసే గదత్తా. లోపలుంటే ఏమైతది?"

నానమ్మ గొణుక్కుంటూ తన గ్లాసు తీసుకుపోయి తలగడ పక్కన పెట్టుకుంది.

ఇప్పుడు నానమ్మా లేదు, ఆ చుట్ట వాసనా లేదు. చర్ల చేలకి ఛత్తీస్‌గఢ్ నుంచి కూలీలు వస్తున్నారట, మా ఊరి ట్రాక్టరు ఎవరినీ ఎక్కించుకుని పోవడం లేదు. హాస్టల్‌కి పోయొచ్చిన ఆ ఏడే అది వచ్చి వాకిట్లో హారన్ కొట్టినప్పుడు అమ్మ బయటికి వచ్చి మిగతావాళ్లకి మంచినీళ్ల సీసాలు అందించింది గానీ ఎక్కలేదు. కారం గిర్నీ మూతపడింది, రబ్బరు స్టాంపు బండి బస్టాండు దగ్గర కనపడదు, పెళ్లి పత్రికలు ఫోన్లోనే వస్తున్నాయి కాబట్టి వెనక వైపు అనేదే లేదు. నేను చేతికి గ్లౌజులు వేసుకుంటాను, ప్యాకెట్టు మీద రంగుల బొమ్మ, ఫోన్లో స్టేటస్, ఫోన్‌తో స్కాన్ చేసి డబ్బులు కట్టటానికి గోడకి గళ్ల బొమ్మ, ఎవరైనా ఫోన్ చేస్తే పాప ఏడుపు వినపడకుండా వంటగది తలుపు వేసుకుని మెత్తని గొంతుతో "చెప్పండి మేడం" అంటాను. కొత్తగా ఇట్లాంటి వ్యాపారం పెట్టుకునేవాళ్లు నన్ను అడుగుతుంటారు, ఏ మిషన్ కొనాలి, కార్డు కొట్టించాలా, ఎట్లా మాట్లాడాలి అని. తెలిసింది చెప్తాను. మొదటి ఆర్డరు ఎట్లా వచ్చిందని అడిగితే మాత్రం అమ్మకి ఆ హాస్టల్ ఆర్డరు ఎట్లా వచ్చిందో చెప్తాను.

గ్లాసు లోపల బోర్లించిన మర్నాడు తొలి బస్సుకే అమ్మ నన్ను లేపి తీసుకుపోయింది. గంజి చీర కట్టలేదు, చేతిసంచీ తేలేదు, కారం ప్యాకెట్టు ఒక్కటీ తేలేదు. హాస్టల్‌లో పిల్లలు టిఫిన్ తింటున్నారు, మేడం నిలబడి వడ్డిస్తోంది. మమ్మల్ని చూసి, "నిన్ననే చెప్పిన గదమ్మా, వద్దని," అంది.

"కారం తేలేదు మేడం. పొద్దుగాల్నే బస్సెక్కినం, ఏం తినలె. నాకూ నా బిడ్డకూ ఇంత టిఫిన్ పెడ్తరా?"

మేడం గరిటె పట్టుకునే అమ్మని ఎగాదిగా చూసింది. తర్వాత రెండు పళ్లేల్లో ఉప్మా పెట్టింది. అమ్మ ఆ పిల్లల మధ్యనే బాసింపట్టు వేసుకుని కూర్చుని తింటుంటే, మేడం చూపు అమ్మ వేళ్ల మీద ఆగింది.

"చేతులకేమైంది?"

"మిరపకాయ మేడం. ఎంత కడిగినా పోదు. నా పిల్లగాన్ని గూడ మోచేతుల్తోనే ఎత్తుకుంట."

ఉప్మాలో ఉప్పు సరిపోలేదు, నేను తినటం ఆపి అమ్మ వైపు చూశాను. అమ్మ పళ్లెం ఊడ్చుకుని తిని, "ఇంకింత పెట్టండి మేడం," అని అడిగింది.