చర్చికి తాళం

కెనడాలోని సస్కాచెవాన్ మైదానంలో మంచుతుఫాను వచ్చేలా ఉందంటే ముసలి పరాస్కా మోకాళ్ల నొప్పి మరిచిపోతుంది. తలకు గుడ్డ బిగించి, చంకలో కట్టెలు, చేతిలో చిన్న గొడ్డలితో కంచె వెంబడే చర్చికి నడుస్తుంది. పొయ్యిలో కట్టెలు పేర్చి, పక్కన అగ్గిపెట్టె పెట్టి, బల్ల మీద రొట్టె కప్పి, తలుపు చేరవేసి వస్తుంది. తోవ తప్పినవాడు ఎవడైనా సరే, తోసుకుని లోపలికి రావాలి. ఉక్రెయిన్ నుంచి వచ్చి ఈ చర్చి కట్టిన తాతల నాటి నుంచీ అదే ఆనవాయితీ.

ఈ ఏడు ప్రభుత్వం దాన్ని చారిత్రక కట్టడమంది. నిన్న ఆమె వెళ్లేసరికి రాష్ట్ర రాజధాని రెజైనా నుంచి వచ్చిన అధికారి తలుపుకి తాళం వేస్తున్నాడు.

“చరిత్రను కాపాడుకోవాలి కదా బామ్మగారూ. కావాలంటే మీకో తాళంచెవి ఇస్తాం.”

పరాస్కాకు ఒళ్లు మండింది. “మంచులో కళ్లు కనపడనోడు తాళంచెవి కోసం నా ఇల్లు వెతుక్కుంటూ తిరగాలా?”

“దొంగలు పడితేనో?”

“పొయ్యీ రొట్టే ఉన్నాయి. పట్టుకుపోనీ.”

ఆమె కట్టెలు దించి, గొడ్డలి వెనకవైపుతో రెండు దెబ్బలు వేసింది. కొక్కెంతో సహా తాళం ఊడి మంచులో పడింది.

“ఇలాంటి తుఫానులోనే మా అమ్మ నన్ను ఈ పొయ్యి పక్కన కన్నది. ఆ పూట నీ తాళం ఉండుంటే, ఇవాళ పగలగొట్టడానికి నేనుండేదాన్ని కాదు. జరుగు నాయనా, కట్టెలు తడుస్తున్నాయి.”