బ్రేకు నాటి సంతకం

మొన్న మా ఆవిడ ఏదో పాత కాగితం కోసం ట్రంకు పెట్టె అడుగుదాకా దేవుతుంటే ఒక కవరు బయటపడింది. అందులో ఏడు పాస్‌పోర్టు ఫోటోలు, ఏడింటిలోనూ నేనే, అదే చొక్కా, అదే బిత్తరచూపు. ఆ చొక్కా కూడా నాది కాదు, మా బావమరిదిది. కళ్యాణదుర్గం స్టూడియోలో ఒకేసారి మూడు డజన్లు కడిగిస్తే చవగ్గా వస్తాయని తీయించుకున్నవి. తక్కినవన్నీ నా దరఖాస్తులకు అంటుకుని ఏయే ఆఫీసుల బీరువాల్లో చెదలు తిన్నాయో దేవుడికే తెలియాలి. ఆ చూపు మాత్రం ఇప్పటికీ పోలేదని మా ఆవిడ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మన వయసు వాళ్లకు వేరే చెప్పనక్కర లేదు, అప్పట్లో ఉద్యోగం వెతకడమే ఒక ఉద్యోగం. టీ అంగట్లో పేపరు మన చేతికి వచ్చేసరికి ప్రకటనలున్న పేజీ ఎవరో చింపుకుని పోయి ఉండేవారు. సర్టిఫికెట్ల నకళ్ల మీద గెజిటెడ్ ఆఫీసరు సంతకం కోసం ఆయన ఇంటి గేటు దగ్గర నిలబడాలి, ఎంప్లాయ్‌మెంటు కార్డు గడువు దాటకుండా అనంతపురం పోయి రావాలి. ఇవన్నీ నేను ఇంకొక పని చేస్తూనే చేసేవాడిని, అది ఉద్యోగమని ఎవరి దగ్గరా అనేవాడిని కాదు.

బెళుగుప్ప వైపు నాలుగు ఊళ్లకు మంచినీళ్లిచ్చే పంపు హౌసులో కాంట్రాక్టరు కింద ఆపరేటరును. కరెంటు వచ్చినప్పుడు మోటారు వేయడం, పోయాక రిజిస్టరులో వేళలు రాసి సంతకం చేయడం, ఇంతే పని. పదకొండు నెలలకొకసారి కాంట్రాక్టు అయిపోయేది. ఒక్కరోజు బ్రేకు ఇచ్చి, మరుసటి రోజు నుంచి మళ్లీ కొత్తగా చేరినట్టు రాసుకునేవారు. ఏడాది నిండితే పర్మనెంటు చేయమని అడుగుతామని వాళ్ల భయం. ఆ రోజు సంతకం చేయకూడదు, లెక్క ప్రకారం నేను అక్కడ ఉండనే ఉండకూడదు. కానీ ఎండాకాలంలో నాలుగు ఊళ్ల ఆడవాళ్లు బిందెలు వరసబెట్టుకుని కూర్చుంటే, ఈరోజు నాకు బ్రేకమ్మా అని ఏ ముఖం పెట్టుకుని చెప్పేది? మోటారు వేసేవాడిని, రిజిస్టరులో ఆ రోజు గీత ఖాళీగా వదిలేసేవాడిని. ఆరేళ్లు అలాగే బుద్ధిగా వదిలేశాను.

వయసు దాటిపోయే ఆఖరి ఏడాదిలో ఒక ప్రభుత్వ సంస్థ నుంచి ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది. పంపు ఆపరేటరు ఉద్యోగం, పర్మనెంటు. తేదీ చూస్తే సరిగ్గా నా బ్రేకు రోజే. దేవుడే కుదిర్చాడనుకున్నాను. నీళ్ల సంగతేమిటని తటపటాయిస్తుంటే మా నాయన, తన చేనులో రెండు బోర్లు ఎండిపోయి ఊరకే కూర్చున్న మనిషి, కండువా భుజాన వేసుకుని లేచాడు. "నువ్వు పోయి రాప్పా. మీట నొక్కేదే కదా, నేను చూసుకుంటాలే" అన్నాడు.

అనంతపురంలో నా ముందున్న పెద్దమనిషి నా ఆరు కాంట్రాక్టు ఆర్డర్లూ తిప్పి చూసి, ఏడాది ఎక్కడా నిండలేదే అన్నాడు. ప్రకటనలో అడిగింది తెగకుండా ఒక ఏడాది అనుభవం. మధ్య రోజుల్లో కూడా పని చేశానని చెప్పాను. ఆయన విసుక్కోలేదు, అది ఒప్పుకోవాలి. "చేసినట్టు కాగితం ఏమన్నా ఉండాదా?" అని మాత్రం అడిగాడు. ఖాళీ గీతలు తప్ప నా దగ్గర ఏముంది?

మరునాడు పంపు హౌసులో రిజిస్టరు తెరిస్తే, నిన్నటి గీతలో నా పేరు. గీతలు దాటిన పెద్ద పెద్ద అక్షరాలు, వయోజన పాఠశాలలో నేర్చుకున్న అక్షరాలు. నాయనకు రాయడం వచ్చినవి రెండే మాటలు, తన పేరు, నా పేరు. నేను నీళ్లు వదిలిన అన్ని బ్రేకు రోజులూ ఖాళీగా ఉన్నాయి, నేను లేని ఆ ఒక్క రోజే నేను ఉన్నట్టు ఉంది. పేజీలకు నంబర్లుండేవి కాబట్టి చించడానికి వీల్లేదు. ఎవరు చూస్తారులే అనుకున్నాను.

కొత్త ఆర్డరుకు ముందు కాంట్రాక్టరు వచ్చి చూశాడు. "ఏమప్పా, బ్రేకు నాడు సంతకం ఎవురు పెట్టమన్నారు నిన్ను? కోర్టుకు పోవల్లనే కదా?" అన్నాడు. నేను కాదు, మా నాయన అని చెబితే నమ్మక నవ్వాడు. ఆ ఆర్డరు నాకు రాలేదు.

ఇంటికి పోయి నాయన మీద విరుచుకుపడ్డాను. "నువ్వు రాలేదని ఎవురన్నా అంటారేమోనని రాసినా" అన్నాడు మెల్లగా. నీకు అక్షరాలు నేర్పినవాళ్లను అనాలి అన్నాను. ఆ మాట అనకుండా ఉండవలసింది. ఉద్యోగం పోయినందుకు ఇప్పుడు బాధ లేదు, తర్వాత బియ్యం మిల్లులో, పెట్రోలు బంకులో, ఎక్కడెక్కడో బతికాను. ఆ మాట అన్నందుకు మాత్రం ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు మా కోడలు ఒక ఆస్పత్రిలో ఏజెన్సీ కింద పని చేస్తోంది. పొద్దున, సాయంత్రం హాజరు మిషను మీద వేలు పెడుతుంది, అన్నం తింటూ ఫోనులో వేరే ఉద్యోగాలు వెతుక్కుంటుంది. ఫోటోలు లేవు, పోస్టాఫీసు లేదు, ఒకరి బదులు ఇంకొకరు రాయడానికి రిజిస్టరూ లేదు. ఆ పిల్ల ముఖంలో అదే చూపు కనబడినప్పుడు నాకు ఆ పంపు హౌసే గుర్తొస్తుంది. ఆరేళ్లూ ఇంకో ఉద్యోగం వెతుకుతూ, చేస్తున్నది ఉద్యోగమే కాదనుకున్నాను. దానికి సంతకం ఉండాలని అనుకున్నవాడు మా నాయన ఒక్కడే.

ఆ గొడవ జరిగిన కొన్నేళ్లకు ఆయనకు వృద్ధాప్య పింఛను వచ్చింది. మొదటి రోజు నేనే వెంట పోయాను. గుమాస్తా పెన్ను అందిస్తే నాయన తీసుకోలేదు, ఎడమ బొటనవేలు సిరా దిండు మీద అద్దాడు. నీకు సంతకం వచ్చు కదా నాయనా అని అనలేక పక్కనే నిలబడి ఉన్నాను.