తొక్కితే ఆగే బండి

దర్జీ అక్క హెల్మెట్ పట్టీ ఒకటికి రెండుసార్లు లాగి చూసుకుని, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బండెక్కేది. ఏళ్ల తరబడి మోటారు కుట్టుమిషన్‌కు అలవాటుపడిన కాలు ఆమెది. మిషన్ తొక్కితే పరిగెడుతుంది, కాలు తీస్తే ఆగుతుంది. అందుకే భయం వేసినప్పుడల్లా పాదం బ్రేకు మీంచి గాల్లోకి లేచిపోయేది.

“తొక్కవే అక్కా! తొక్కితేనే ఆగుతుంది!” వెనక కూర్చుని బండి నేర్పుతున్న తమ్ముడు గోలపెట్టేవాడు.

“ఇంకా ఉరుకుతుందేమోరా!” అనేది.

లైసెన్సు పరీక్షలో ఆఫీసరు చెయ్యెత్తగానే పళ్లు బిగించి తొక్కింది. బండి ఆయన బూట్ల ముందు ఆగింది. లైసెన్సు ఇస్తామన్నారు.

ఆ సాయంత్రం చొక్కా కాలరు కుడుతుంటే, ఆమె వేలు సూది కిందికి జారింది. మిషన్ ఆపుదామని, బలంకొద్దీ తొక్కింది.