అంబాసిడర్‌లో మరో ఇంజను

మా బాపు కొన్న తెల్ల అంబాసిడర్ కొన్నేళ్లుగా పొగ పరీక్షలో తప్పుతూనే ఉంది. చివరికి ఒక ఎండాకాలం ఇంజను పూర్తిగా పట్టేసింది.

"ఇగ తుక్కుకిచ్చెయ్ బిడ్డా. నేనేం బాధపడ," అన్నాడు బాపు.

నేను డ్రైవింగ్ నేర్చుకున్నది ఆ కారులోనే. కరీంనగర్‌లో మా వీధిలో స్టీరింగ్ పట్టిన మొదటి ఆడపిల్లను నేనే. ఇవ్వనని మొండికేశాను.

లక్సెట్టిపేటలో ఒక మెకానిక్ ఉన్నాడు, దుబాయ్ గ్యారేజీలో చాన్నాళ్లు పనిచేసి వచ్చినవాడు. ప్రమాదంలో వెనకభాగం నుజ్జయిన కొత్తకాలపు అంబాసిడర్ ఒకటి వెతికి, దాని ఇంజను తెచ్చాడు. అదీ పెట్రోలుదే. నేను ముందే రవాణా ఆఫీసుకు వెళ్లి అనుమతి తీసుకున్నాను.

"ఇంజనొక్కటే కాదమ్మా, దాని పొగ సామానంత ఉండాలె. అప్పుడే పాస్ చేస్త," అన్నాడు అక్కడి ఇన్‌స్పెక్టర్.

కారును లారీ మీద లక్సెట్టిపేటకు పంపాను. కొన్నాళ్లకు చూడబోతే ఇంజను ఎక్కింది, ఒక్క తిప్పుకే లేచింది. కానీ పొగలోని విషాన్ని తగ్గించే కన్వర్టర్ డబ్బా గోడవారన పడి ఉంది. పాత కారు అడుగున అది పట్టలేదట. దాని చోట ఉత్త గొట్టం వెల్డింగ్ చేసేశాడు.

"గా డబ్బా లేకుంటేనే మంచిగ గుంజుతదక్కా. కింద వంగి ఎవ్వలు చూస్తరు?"

"నేను చూసిన గద! గా గొట్టం కోసెయ్యే అన్నా."

"మల్ల మొత్తం ఇప్పాలె. నాకు వేరే పని లేదా?"

"ఇప్పుదాం. నేను గూడ చెయ్యేస్త."

అతను పానా కింద పడేసి చాయ్‌కి పోయాడు. నాకూ పట్టుదల పెరిగింది. టేపు తీసుకుని కారు కిందికి దూరాను. ఏం కొలవాలో సరిగ్గా తెలియదు, అయినా బయటికి రాలేదు. అతను తిరిగొచ్చి, బయటికి కనిపిస్తున్న నా కాళ్లను కాసేపు చూసినట్టున్నాడు.

"జర జరుగక్కా," అంటూ పక్కన వచ్చి పడుకున్నాడు.

ఇద్దరం డబ్బాను అటూ ఇటూ పట్టి చూశాం. గేరుబాక్సు దాటాక, నేల రేకు కాస్త కోసి పైకెత్తితే పడుతుందని తేలింది. అతను కోశాడు. నేను డబ్బాను కింది నుంచి ఎత్తి పట్టుకున్నాను. చేతులు పీక్కుపోయినా దించలేదు. బిగించడం అయ్యాక అతనే నవ్వి, "నీ మొండితనం సల్లగుండ!" అన్నాడు.

కరీంనగర్‌లో పరీక్ష రోజు సైలెన్సర్‌లో పొగ కొలిచే గొట్టం పెట్టినప్పుడు నేను అంకెలు చూపే తెర వైపు చూడలేకపోయాను. "పాసైంది తీయమ్మా, బండి జరుపు," అన్న మాట వినపడ్డాకే తలెత్తాను.

ఆ వారమే బాపును బాసరకు తీసుకెళ్లాను. వెళ్లేటప్పుడు నేను నడిపాను, వచ్చేటప్పుడు తను నడుపుతానన్నాడు. గుడి దగ్గర కారు స్టార్ట్ చేసి నా కోసం ఆగాడు. నేను ఎక్కి తలుపు వేయగానే మళ్లీ తాళం తిప్పాడు. కిర్రుమంది.

"ఏంది, ఆన్‌లనే ఉందా?" అన్నాడు ఆశ్చర్యంగా. "అసలు చప్పుడే లేదు గదనే!"