ఎల్లయ్య అటుకులు

ఉధ్నాలో మా గల్లీ అంతా బతుకుదెరువుకు వచ్చిన తెలుగు మరమగ్గాల వాళ్లం. మా పక్కింట్లో మాత్రం రైల్వేలో పనిచేసే యూదుల కుటుంబం ఉండేది. ఇంట్లో మరాఠీ మాట్లాడుకునేవారు. వాళ్లమ్మాయికి మాతో ఆడి ఆడి మా తెలుగే వచ్చేసింది. శనివారం వాళ్ల పొయ్యి వెలిగేది కాదు.

మొక్కు తీరిన రోజు ఆ ఇంటావిడ తడిపిన అటుకుల్లో కొబ్బరి, చక్కెర, యాలకులు కలిపి చుట్టూ పండ్లు పేర్చేది. ఆమె భర్త తలకు టోపీ పెట్టుకుని మాకు అర్థంకాని భాషలో ప్రార్థన చదివేవాడు. మొక్కు తీరితే మా అమ్మ కూడా అవే అటుకులు చేసేది. నాకు ఊహ తెలిసేసరికే రెండిళ్లలోనూ అంతే.

ఆ అమ్మాయి ఇప్పుడు ఫిలడెల్ఫియాలో అమ్మమ్మ అయింది. మొన్న వీడియో కాల్ చేసింది. అక్కడి యూదులు తమ సంఘం చరిత్ర పుస్తకంగా వేస్తున్నారట. ఈమె అటుకుల సంగతి చెబితే, అది మన ఆచారం కాదు, ఇండియాలో పొరుగువాళ్లను చూసి నేర్చుకుని ఉంటారు అన్నాడట ఒక పెద్దాయన.

"నిజం చెప్పు అన్నా. మా అమ్మ మీ అమ్మ దగ్గర నేర్చుకున్నదా? గట్లయితే పుస్తకంల రాయమన, ఊకుంట." అని అడిగింది.

కాల్ అలాగే ఉంచి నా పాత డైరీలు తిరగేశాను. వాన, కరెంటు కోత, మగ్గం రిపేరు అన్నీ ఉన్నాయి. ఇది లేదు.

వంటింట్లోంచి మా ఆవిడ తొంగిచూసింది. "ఎల్లయ్య అటుకుల ముచ్చటనా? ఎల్లయ్య పేరు తల్సుకోకుంట కలపొద్దని అత్తమ్మ ఎన్నిసార్లు చెప్పలే!"

"ఎవరి పేరు వదినా?" అంది ఆమె ఫోన్‌లోంచి.

"ఎల్లయ్య. మా దేవుడు తియ్యి, నీకేం ఎర్క."

అప్పుడు తట్టింది నాకు. మా వాళ్లకు ఎల్లమ్మ ఉంది. ఎల్లయ్య అనే మేనమామ ఉండేవాడు. ఎల్లయ్య అనే దేవుడి పటం మాత్రం మా ఇంట్లో ఎన్నడూ లేదు.

అవతల ఆమె నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "వదినా, ఆయన ఎలియాహు! మా ప్రవక్త. మా నాయిన ప్రార్థనల ఆ పేరే గట్టిగ చదివేటోడు."

మా అమ్మ గోడ ఇవతలి నుంచి ఆ పేరును అలా విన్నదన్నమాట.

"రాయిస్త అన్నా. మీ ఎల్లయ్యను గూడ రాయిస్త."

ఆ సాయంత్రం మా ఆవిడ అటుకులు తడిపింది.

"ఇప్పుడేం మొక్కు తీరింది?" అన్నాను.

"మీ చెల్లెది."

కలిపే ముందు కళ్లు మూసుకుని, ఎప్పటిలాగే ఎల్లయ్యా అంది. నేను సరిదిద్దలేదు.